పిప్పరమెంటుకు పోయిన గొంతు

ఆ బుధవారం మధ్యాహ్నం పశువుల వేలంశాలలో నలభై ఏడో దూడల గుంపు బరిలోకి వచ్చేసరికి, హార్లన్ డి యాగర్ నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. తడికర్రలో రంపం ఇరుక్కున్నట్టు ఒక గరగర వచ్చింది, అంతే. మెట్ల బెంచీల మీద కూర్చున్న రెండొందల మంది రైతులూ ఒక్కసారిగా ఎవరి బూట్లు వాళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. అమెరికాలో మా అయోవా రాష్ట్రపు వాయవ్య మూలన మనిషి పరువు పోయే వేళకు చూపు పక్కకు తిప్పుకోవడమే మర్యాద. అప్పుడు ముందు వరసలోంచి ఒక చెయ్యి లేచింది. పాట పెంచడానికి కాదు. ఆ చేతిలో తెల్లటి పిప్పరమెంటు బిళ్ళ ఉంది. అది చేతులు మారుతూ మారుతూ వేదిక మీదికి వెళ్ళింది. హార్లన్ దాన్ని నోట్లో వేసుకుని, రెండుసార్లు దగ్గి, మళ్ళీ పాట అందుకున్నాడు. ఆ రోజు వేలం ఎలాగో ముగిసింది.

ఇది తొంభై ఎనిమిది జనవరి మాట. అప్పటికి హార్లన్‌కు అరవై ఒకటి. పంతొమ్మిదో ఏట రెండు వారాల వేలం బడికి వెళ్ళొచ్చిన నాటి నుంచి ఆ గొంతే అతని జీవనాధారం. బడి నుంచి వచ్చిన కొత్తలో ట్రాక్టరు మీద కూర్చుని దారి పొడవునా కనపడ్డ టెలిఫోన్ స్తంభాలన్నిటినీ వేలం వేసేవాడు. మా న్యూ ఆర్నెమ్ చుట్టుపక్కల ఒక్కో స్తంభం కనీసం పదిసార్లు అమ్ముడుపోయి ఉంటుంది. నికార్సైన కంచుగొంతు. మైకు పాడైనా ఎవరూ పట్టించుకునేవారు కాదు. గుడిలో ఆర్గన్ వాయించే ఆవిడకు జలుబు చేస్తే కీర్తన అందుకునేది హార్లనే. పెళ్ళిలో హాస్యాలు హార్లనే, సంతాప సభలో నాలుగు మంచి మాటలు హార్లనే. ఊళ్ళో ఎక్కడ నిశ్శబ్దం కనపడినా అతను ఊరుకునేవాడు కాదు, పూడ్చి వచ్చేవాడు.

పిప్పరమెంట్ల గురించి ఒక మాట చెప్పాలి. మాది డచ్చి వాళ్ళ ఊరు, పాతకాలపు గుడి. ఆదివారం రెండుసార్లు ఆరాధన, ప్రసంగం ముప్పావుగంట. పాస్టరు బైబిలు మూసి గొంతు సవరించుకోగానే వరస చివర కూర్చున్న పెద్దావిడ చేతిసంచి తెరుస్తుంది. పిప్పరమెంట్లు వరస పొడవునా నడుస్తాయి. ప్రసంగంలో మొదటి అంశానికి ఒకటి, రెండో దానికి ఒకటి, మూడో దానికి ఒకటి. బిళ్ళను కొరికినవాడు తొందరపాటు మనిషి, చివరిదాకా చప్పరించినవాడు భక్తిపరుడు. హార్లన్ వాళ్ళ వరసకు ఈ ధర్మం నిర్వహించేది అతని మేనత్త టేనా. ఎనభై ఎనిమిదేళ్ళ ఆవిడ. హార్లన్ నాలుగేళ్ళ పిల్లాడిగా కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నప్పుడు మొదటి బిళ్ళ పెట్టింది ఆవిడే.

దగ్గొచ్చినా, గొంతు గరగరలాడినా, మనసు బాగోకపోయినా మా వాళ్ళ మందు పిప్పరమెంటే. అందుకే రెండేళ్ళ కిందట హార్లన్ గొంతు పొద్దున్నే బొంగురుపోవడం మొదలైనప్పుడు, అతను పిప్పరమెంట్ల పొట్లం ఒకటి జేబులో వేసుకున్నాడు. బొంగురు మధ్యాహ్నం దాకా సాగింది, రెండో జేబులో ఇంకో పొట్లం పడింది. గొంతులో ఏదో ఉండలా అడ్డుపడినట్టుండేది, ఎంత సవరించినా పోయేది కాదు. బూటు లేసు కట్టుకోవడానికి వంగితే పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నేవి. పులితేపులేగా, ముసలితనం అనుకుని వదిలేశాడు. గుండెల్లో మంట అంటూ ఏనాడూ రాలేదు. ఊరు మాత్రం వదల్లేదు. అతని పికప్ సీటు మీద పిప్పరమెంట్లు, పోస్టు డబ్బాలో పిప్పరమెంట్లు, వేలంశాల కాఫీ గల్లాపెట్టె పక్కన హార్లన్ పేరు రాసిన గిన్నెలో పిప్పరమెంట్లు. క్రిస్మస్ నాటికి ఇంట్లో మూడు బూట్ల డబ్బాలు నిండాయి. ఎంత తింటే అంత పోతోంది గొంతు.

డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే మాట దాటేసేవాడు. దానికో కారణం ఉంది. అతని తండ్రి సరిగ్గా అరవై ఒకటో ఏట గొంతు క్యాన్సరుతో పోయాడు. ఆయన పైపు తాగేవాడు, హార్లన్ తాగడు. అయినా పేరు పెట్టించుకోనంతవరకు ఆ జబ్బు తన దగ్గరికి రాదన్నట్టు తిరిగేవాడు. భయపడ్డాడని నేను చెబుతున్నాను గానీ, అతను అప్పట్లో ఆ మాట భార్య ముందు కూడా ఒప్పుకోలేదు.

ఆ బుధవారం తర్వాత రెండో రోజు, పది గంటల కాఫీ వేళకు తమ్ముడు డ్వేన్ వంటింటి తలుపు తోసుకుని వచ్చాడు. డ్వేన్ నాలుగేళ్ళు చిన్న, పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా పొద్దునా సాయంత్రమూ పాలు పిండటం, మిగతా సమయంలో ఊరుకోవడం, ఇదే అతని పని. కప్పు సగం తాగాడు.

"మార్చి పద్నాలుగున ఆవుల్ని తీసేస్తున్నానన్నయ్యా," అన్నాడు చివరికి.

"అన్నిట్నీనా?"

"అరవై నాలుగూ. మోకాళ్ళు ఇంక ఒప్పుకోవట్లేదు. కింద కూచుంటే లేవలేకపోతున్నా."

హార్లన్ భార్య ఆర్లిస్ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది. డ్వేన్ కప్పులోకే చూస్తూ ఇంకో మాట చెప్పాడు.

"పాట నువ్వే పాడాలి. ఎవడో వచ్చి వాటి పేర్లు తప్పుగా పలికితే నేనక్కడ నిలబడలేను."

"ఇది అడగాల్సిన విషయమేంట్రా? నేను కాకపోతే ఇంకెవడు..." అంటుండగానే హార్లన్ గొంతు చీలిపోయింది. మిగతా వాక్యం గాలిలా బయటికొచ్చింది.

డ్వేన్ అన్న ముఖంలోకి చూశాడు. కోటు జేబు తడుముకుని పిప్పరమెంటు బిళ్ళ ఒకటి తీసి బల్ల మీద పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతని కారు గేటు దాటకముందే ఆర్లిస్ ఫోన్ అందుకుంది.

"వచ్చే శుక్రవారం పదింటికి, సూ ఫాల్స్‌లో. గొంతు డాక్టరు," అంది ఫోన్ పెట్టేసి.

"ఎవరికి?"

"పిల్లికి. ఏమయ్యా, నీకు కాక ఇంకెవరికి? ఆ పిల్లాడు నోరు తెరిచి అడిగింది జన్మలో ఇదొక్కటి. అదన్నా చేసి చావు."

యాభై ఏడేళ్ళ డ్వేన్ ఆర్లిస్‌కు ఇంకా పిల్లాడే.

డాక్టరు పేరు సోలెమ్. మిన్నెసోటాలో పాడి పొలం మీద పెరిగిన అమ్మాయి, నార్వే వాళ్ళ పిల్ల. హార్లన్ ముక్కులో చేదుమందు కొట్టి, సన్నటి కెమెరా గొట్టం ముక్కు గుండా గొంతులోకి దింపింది. టీవీ తెర మీద అతని గొంతు కనపడింది. ఆర్లిస్ చేతిసంచిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"ఇవిగో మీ స్వరతంత్రులు. తెల్లగా ఉండాలి, గులాబీ రంగుకి తిరిగాయి. వెనకవైపు చూడండి, ఎంత ఎర్రగా వాచిపోయిందో," అంది డాక్టరు. "పుండు గానీ గడ్డ గానీ ఏమీ లేదు."

గొట్టం బయటికి తీయగానే హార్లన్ అడిగిన మొదటి మాట, "మా నాన్నకి..."

"మీ ఆవిడ చెప్పారు. మీ నాన్నగారిది వేరు, మీది వేరు. ఇది మీ పొట్టలో పులుపు చేసిన పని."

ఆర్లిస్ చేతిసంచి వదిలేసింది. అది జారి నేల మీద పడింది, తీసుకోవాలని కూడా తోచలేదు ఆమెకు. హార్లన్ మాత్రం ఊరట కన్నా ముందు రోషం తెచ్చుకున్నాడు.

"నా పొట్టకేం? మేకులు తిన్నా అరిగిపోతాయి. ఒక్కనాడు మంటన్నది ఎరగను."

"అదే చిక్కు. కొంతమందికి గుండెల్లో మంట రాదు, నేరుగా గొంతే దెబ్బతింటుంది. మీరు పశువుల్ని వేలం వేస్తారటగా? బరిలోంచి పశువు బయటికెళ్ళే తలుపుకి గొళ్ళెం వదులైందనుకోండి, ఏమవుద్ది?"

"అమ్మిన పశువే మళ్ళీ లోపలికొచ్చి నిలబడుద్ది."

"అంతే. అన్నవాహిక కిందా పొట్ట పైనా కలిసేచోట అలాంటి తలుపే ఒకటుంది. పట్టీలా బిగుసుకునే కండరం. మింగినప్పుడు తెరుచుకోవాలి, ముద్ద దిగ్గానే మూసుకోవాలి. మీది మూసుకోవడం మరిచిపోతోంది. మీరు పడుకోగానే పులుపు పైకెక్కి గొంతు దాకా వచ్చేస్తోంది. పులుపుని తట్టుకునే పూత పొట్టకుంది, గొంతుకి లేదు. రాత్రంతా కాలుతుంది, పొద్దున మీరు దాంతోనే అరుస్తారు."

ఆ తర్వాత అలవాట్లు అడిగింది. కాఫీ ఎన్ని కప్పులు? పది. బుధవారం రాత్రి భోజనం ఎన్నింటికి? వేలం అయ్యాక తొమ్మిదింటికి, గొడ్డుమాంసం ముక్కలు వేసిన రొట్టె, బంగాళదుంప ముద్ద మీద గ్రేవీ, ఆపైన ఆపిల్ పై. పడుకునేది? తినగానే. డాక్టరు రాసుకుంటూ పోయింది.

"గొంతుకి ఏమన్నా మందు వాడుతున్నారా?"

హార్లన్ ముఖం వెలిగింది. తన వంతు తను చేశానని చూపించే అవకాశం ఇన్నాళ్ళకు వచ్చింది. రెండు జేబుల్లోంచీ రెండు పొట్లాలు తీసి బల్ల మీద పెట్టి, "తీసుకోండి, మీరూ ఒకటి తీసుకోండి," అన్నాడు.

డాక్టరు ఆ పొట్లాల వంక చూసి నవ్వబోయి ఆపుకుంది. "రోజుకి ఎన్ని?"

"ముప్పై ఉంటాయేమో."

"హార్లన్," అంది ఆర్లిస్.

"నలభై."

"హార్లన్."

"సరే, అరవై. వేలం రోజు."

"మిస్టర్ డి యాగర్," అంది డాక్టరు మెల్లిగా, "పిప్పరమెంటు చేసేదేంటో తెలుసా? సరిగ్గా ఆ కండరాన్నే వదులు చేస్తుంది. భోజనం తర్వాత అది తింటే తేన్పు హాయిగా వస్తుందే, అందుకే. మీరు గొంతుకి మందేసుకుంటున్నాననుకుంటున్నారు. పాపం, రోజుకి అరవై సార్లు గొళ్ళెం తీసి పెడుతున్నారు."

హార్లన్ రెండు పొట్లాలనూ వేలితో బల్ల అవతలి అంచుకు నెట్టాడు.  అతని కళ్ళ ముందు తిరుగుతున్నది బూట్ల డబ్బాలు, పికప్ సీటు, గల్లాపెట్టె పక్క గిన్నె. ఊరు ఊరంతా ప్రేమగా చెయ్యి చాపి అతని గొంతును తగలబెట్టిందన్నమాట. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

పొద్దున తిండికి అరగంట ముందు మాత్ర. సాయంత్రం అయిదున్నరకే భోజనం, పడుకోవడానికి మూడు గంటల ముందు ఇంకేమీ తినకూడదు. మంచం తలవైపు కోళ్ళ కింద ఆరంగుళాల ఎత్తు. కాఫీ ఒక్క కప్పు. పిప్పరమెంటు వాసన కూడా చూడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గొంతుకు విశ్రాంతి. గుసగుస అసలే పనికిరాదు, అది మామూలు మాట కన్నా చేటు.

"ఎన్నాళ్ళకి నయమవుద్ది?"

"మూడు నెలలు. కొందరికి ఆరు."

"మార్చి పద్నాలుగున మా తమ్ముడి ఆవులు," అన్నాడు హార్లన్. అంతవరకే చెప్పగలిగాడు.

డాక్టరు క్యాలెండరు చూసింది. "ఏడు వారాలు. మాట ఇవ్వలేను. ఇప్పట్నుంచీ నోరు కట్టేసుకుంటే ఒక గంట పలకచ్చు. అంతకుమించి ఆశ పెట్టుకోకండి."

"నోరు కట్టేసుకోవడమా? ఈయనా?" అంది ఆర్లిస్. నేల మీద పడ్డ సంచి తీసుకుంటూ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ శనివారం హార్లన్ ఓకు దుంగలు రెండు కోసి మంచం కోళ్ళ కింద పెట్టాడు. వారం పాటు ప్రతి తెల్లవారూ మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మంచం కాళ్ళవైపు కుప్పపడి లేచేవారు. "గొంతు బాగైందాకా ఇలా జారుడుబండ మీద కాపురం చెయ్యాలా?" అనేది ఆర్లిస్. అతను మాట్లాడకూడదు గనక భుజాలు ఎగరేసేవాడు. అదంతా ఇంటి గుట్టు. అసలు చిక్కు ఆదివారం వచ్చింది.

పాస్టరు బైబిలు మూశాడు. టేనా అత్త చేతిసంచి తెరిచింది. బిళ్ళలు వరసలో నడిచి హార్లన్ దగ్గరికి వచ్చాయి. హార్లన్ తల అడ్డంగా ఊపాడు. హార్లన్ సరిగ్గా చూడలేదేమోనని పక్కాయన అతన్ని మోచేత్తో పొడిచాడు. హార్లన్ మళ్ళీ తల ఊపి, బిళ్ళను వెనక్కి పంపించాడు. ఆ గుడి కట్టాక ఇచ్చిన పిప్పరమెంటు వెనక్కి రావడం అదే మొదటిసారి. అది చేతులు మారుతూ ముసలావిడ ఒళ్ళోకి చేరేదాకా వరస వరసంతా తలలు తిప్పి చూసింది. ఆరాధన తర్వాత కాఫీ దగ్గర, తాతగారి పొలం విషయంలో హార్లన్‌కూ అత్తకూ చెడిందన్నారు. సోమవారం పొద్దునకు అతను వేరే గుడిలో చేరుతున్నాడన్నారు. సాయంత్రానికి చంపేశారు కూడా, రెండు నెలల్లో పోతాడని.

మంగళవారం హార్లన్ ఒక కాగితం మీద విషయమంతా రాసుకుని అత్త ఇంటికి వెళ్ళాడు. ఆవిడ భూతద్దం పెట్టుకుని అక్షరం అక్షరం చదివింది.

"పిప్పరమెంటు గొంతుకి చేటా? ఎవరు చెప్పార్రా నీకు? ఆ నార్వే పిల్లా? ఆ లూథరన్ గుడి వాళ్ళకి పిప్పరమెంటు సంగతి ఏం తెలుసని!"

హార్లన్ తల ఊపాడు. ఆవిడ కాగితం మళ్ళీ చదివింది, ఈసారి ఇంకా నిదానంగా. భూతద్దం పక్కన పెట్టేసరికి గొంతులో దురుసు పోయింది.

"నాలుగేళ్ళప్పట్నుంచీ నీకు పెడుతున్నది నేనేగదరా. అయితే నీ గొంతు తీసింది నేనేనా?"

హార్లన్ పెన్సిలు అందుకుని కాగితం వెనక రాశాడు. "నువ్వు వారానికి మూడు పెట్టావత్తా. మిగతావి నా కక్కుర్తి."

ఆవిడకు నవ్వొచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ చేసిన మూడు ఫోన్లు చాలు, ఊరికంతా తెలిసిపోయింది. పిప్పరమెంట్లు ఆగిపోయాయి. వాటి బదులు వాకిట్లో అరటిపళ్ళు, ఓట్సు సంచి, వాలుగా కుట్టిన తలగడలు మూడు, పులుపుకు మంచిదని ఎవరో చెప్పిన మేకపాలు ప్రత్యక్షమయ్యాయి. మా వాళ్ళకు ప్రేమ ఉంటే నోటితో చెప్పడం చేతకాదు. చేతిలో ఏదో ఒకటి పెడితే గానీ వాళ్ళకు తృప్తి ఉండదు. నాకు వాళ్ళ మీద విసుగూ ఇందుకే, ఇష్టమూ ఇందుకే.

వేలంశాల యజమాని బుధవారాలకు పక్క కౌంటీ నుంచి వేరే పాటగాణ్ణి పిలిపించాడు. హార్లన్‌కు ఇంట్లో కాలు నిలవలేదు. డ్వేన్ మోకాళ్ళు చూసి, పొద్దునా సాయంత్రమూ పాలు పిండటానికి సాయం వెళ్ళడం మొదలుపెట్టాడు. నోరు మూసుకుని, పొదుగులు తుడిచి, పాలు పిండే గొట్టాలు తగిలించేవాడు. రెండు మూడు రోజులు కొట్టంలో పాల యంత్రం చప్పుడు తప్ప ఏమీ లేదు. నాలుగో రోజు డ్వేన్ ఆవు డొక్కకు తల ఆనించి ఏదో అన్నాడు.

"దీని ముత్తవ్వ డెబ్భై అయిదు మంచుతుఫానులో ఈనింది. దూడని నా కోటులో చుట్టి వంటింట్లో పెట్టా. మూడ్రోజులు నాతోనే ఉంది."

హార్లన్‌కు ఆ కథ తెలియదు. అడగడానికి నోరు దురద పెట్టింది, అడగకూడదు. అడగలేదు గనక డ్వేన్ ఆగలేదు. ఒక్కో పూట రెండు మూడు ఆవుల సంగతి చెప్పేవాడు, అన్నతో కాదు, ఆవుతో చెబుతున్నట్టు, లోగొంతుకతో. ఏది ఎవరి కూతురో, ఏది ఎందుకు తంతుందో, ఏది పక్కదాని మేత దొంగిలిస్తుందో. ప్రతి కథలోనూ హార్లన్‌కు కనీసం మూడు చోట్ల మాట అడ్డం వేయాలనిపించేది. ఇంటికెళ్ళి ఆర్లిస్‌కు కాగితం మీద రాసి చూపించేవాడు, 'వీడికి ఇన్ని మాటలు వచ్చని నాకు తెలీదు' అని.

ఫిబ్రవరి చివరికి గొంతులో ఉండ కరిగింది. పుల్లటి నీళ్ళు ఎగదన్నడం ఆగింది. డాక్టరు మళ్ళీ గొట్టం వేసి చూసి, ఎరుపు సగం తగ్గిందంది. "ఒక గంట," అంది మళ్ళీ, వేలు చూపించి.

మార్చి పద్నాలుగు శనివారం. నేల సగం గడ్డ, సగం బురద. డ్వేన్ యంత్రాల షెడ్డులో గడ్డి పరిచి బరి కట్టారు. గడ్డిబండి మీద వేదిక. బయట గుడి ఆడవాళ్ళు ఆపిల్ పైలూ మాంసం రొట్టెలూ అమ్ముతున్నారు, ఆర్లిస్ అక్కడే ఆపిల్ పై ముక్కలు కోస్తోంది. నాలుగొందల మంది దాకా వచ్చారు, అందులో సగం ఆవుల కోసం కాదు, హార్లన్ పలుకుతాడా లేదా అని చూడటానికి. వేలంశాల కొత్త పాటగాడు కూడా వచ్చి, అవసరమైతే అందుకుంటానన్నట్టు బండి పక్కనే నిలబడ్డాడు.

హార్లన్ మైకు పట్టుకున్నాడు. డ్వేన్ చేత్తో రాసిన పేర్ల పట్టిక ముందు పెట్టుకున్నాడు. మొదటి ఆవు వచ్చింది. పాట వచ్చింది. పాత కంచు కాదు, కాస్త తుప్పు పట్టిన కంచు, అయినా కంచే. జనం హమ్మయ్య అనుకోవడం కళ్ళకు కనపడింది. ప్రతి ఆవు పేరూ, దాని తల్లి పేరూ తప్పు లేకుండా పలికాడు. డ్వేన్ బండి పక్కన తలుపుకు ఆనుకుని, ఒక్కోటి వెళ్ళినప్పుడల్లా తల వంచేవాడు. పది, ఇరవై, ముప్పై. ముప్పై ఏడో ఆవు దగ్గర గొంతు అంచులు చిరగడం మొదలైంది. హార్లన్ వేగం తగ్గించాడు, నీళ్ళు తాగాడు. నలభై రెండో ఆవు వచ్చి నిలబడింది. పేరు చెప్పడానికి నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. గాలి కూడా రాలేదు.

నాలుగొందల మందీ బూట్లు చూసుకున్నారు. కొత్త పాటగాడు మర్యాదగా చెయ్యి చాపాడు. అతను మంచివాడే, పనిమంతుడే. కానీ ఆ పట్టికలో పేర్లన్నీ డ్వేన్ కోడిగీతల్లో ఉన్నాయి, ఇంకా ఇరవై మూడు ఆవులున్నాయి. తమ్ముడు తన నుంచి అడిగింది ఒకే ఒక్క పని. హార్లన్‌కు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. చాపిన చేతిని దాటించి మైకును డ్వేన్ వైపు పట్టుకున్నాడు.

డ్వేన్ దాన్ని చూశాడు. ఆవును చూశాడు. కుంటుకుంటూ బండి రెండు మెట్లూ ఎక్కి మైకు తీసుకున్నాడు.

"ఇది ఓడెట్," అన్నాడు. "మర్సెలా కూతురు. ఉరుములంటే భయం. వానపడ్డ రోజు కొట్టంలో రేడియో పెట్టండి."

బయట ఆపిల్ పై కోస్తున్న ఆర్లిస్ చేతిలో కత్తి ఆగిపోయింది. షెడ్డు తలుపు దగ్గరికి పరిగెత్తింది. లోపలినుంచి వస్తున్నది ముప్పై ఆరేళ్ళ కిందట తను పెళ్ళి చేసుకున్న గొంతు. అదే లోతు, అదే కంచు, తుప్పు లేకుండా. "వచ్చేసింది, మావాడి గొంతు వచ్చేసింది," అంటోంది కుర్చీలో కూర్చున్న టేనా అత్త. తలుపు దాటి చూస్తే ఆర్లిస్‌కు మైకు దగ్గర కనపడింది మరిది.

హార్లన్ కూడా విన్నాడు. తన గొంతు ఇంకొకరి నోట వినడం ఎలా ఉంటుందో చెప్పలేం. మొదట అసూయ చురుక్కుమంది, నిజం చెప్పాలి. తర్వాత సిగ్గేసింది. మూడో ఆవు వచ్చేసరికి ఆ రెండూ పోయి, వినాలనిపించింది. డ్వేన్‌కు పాట రాదు, పేరు చెప్పి, తల్లి పేరు చెప్పి, గుణం చెప్పి ఆగేవాడు. అప్పుడు హార్లన్ వేళ్ళతో పాట నడిపేవాడు, బరిలో ఉన్న సాయగాళ్ళు ధర కేకేసేవారు, ఖాయమైనప్పుడు హార్లన్ బండి అంచు మీద అరచేత్తో కొట్టేవాడు. కొనుక్కున్నవాళ్ళు పెన్సిళ్ళు తీసి అట్టల మీద రాసుకున్నారు, ఎడమవైపు నుంచి పిండాలనీ, చల్లనీళ్ళు తాగదనీ. ఇరవై మూడు ఆవులూ అలాగే వెళ్ళాయి.

నాలుగింటికి ఆఖరి లారీ కదిలింది. అన్నదమ్ములిద్దరూ ఖాళీ బరిలో గడ్డిబండి అంచు మీద కూర్చున్నారు. హార్లన్ డాక్టరు వద్దన్న పనే చేశాడు, గుసగుసలాడాడు.

"ఇన్నేళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావురా?"

డ్వేన్ తలుపు వైపు చూశాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఇవాళ పాలు ఎన్ని క్యాన్లు వచ్చాయో చెప్పినట్టు చెప్పాడు.

"దాచలేదన్నయ్యా. నువ్వు సందు ఇస్తే కదా."

హార్లన్ బండి అంచు మీద కాస్త పక్కకు జరిగాడు. కాసేపటికి డ్వేన్ మళ్ళీ మొదలుపెట్టాడు, ఓడెట్ పుట్టిన రోజు సంగతి. చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాడు. హార్లన్ ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. డాక్టరు చెప్పినందుకు కాదు, వింటున్నాడు.